క్రాంకీ మీద ఒక పేచీ

చీరాలలో మా మేనత్త ఇంటి వసారా. మధ్యాహ్నం రెండు దాటింది. నా రెండేళ్ల కొడుకు పొద్దుట్నుంచీ ఏదీ ముట్టలేదు. పాలు ఇస్తే గ్లాసు తోసేశాడు. ఎత్తుకుంటే దిగుతానన్నాడు, దింపితే ఎత్తుకోమన్నాడు. హైదరాబాదు నుంచి మావారు ఫోన్ చేస్తే, "వీడు పొద్దుట్నుంచీ బాగా క్రాంకీగా ఉన్నాడు" అన్నాను. ఫోన్ పెట్టేసేసరికి అత్త చేతిలో పత్రిక మడిచి పక్కన పెట్టింది. బడిలో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పిన మనిషి. ఆ మధ్యాహ్నం మా ఇద్దరి మధ్యా నడిచిన మాటలివి. తర్వాత నాకు తోచినవి కూడా అక్కడక్కడా చేర్చాను.

అత్త: ఇందాక ఫోన్లో ఏమన్నావు? వీడు ఎలా ఉన్నాడని?

నేను: క్రాంకీగా ఉన్నాడన్నాను అత్తా. చిరాగ్గా అని.

అత్త: చిరాగ్గా ఉన్నాడనే అనొచ్చుగా. పేచీ పెడుతున్నాడనొచ్చు, మారాం చేస్తున్నాడనొచ్చు, చిరచిరలాడుతున్నాడనొచ్చు. ఇన్ని ఉండగా ఆ ముక్క ఎందుకమ్మా?

నేను: అవన్నీ ఒకటి కావు కదత్తా. మారాం అంటే వాడికేదో కావాలి, ఇచ్చేదాకా ఏడుస్తాడు. పేచీ అంటే మనతో తగువుకి దిగాడు. రెండింట్లోనూ తప్పు వాడి మీదే వేస్తున్నాం. క్రాంకీ అంటే అలా కాదు. నిద్ర చాల్లేదో, కడుపులో బాగాలేదో, వాడి చేతిలో లేనిదేదో వాణ్ని ఏడిపిస్తోందని. అమెరికాలో తల్లులు పసిపిల్లల గురించి ఈ మాట అంత ఎక్కువగా వాడేది అందుకే. వాణ్ని తిట్టకుండా వాడి స్థితి చెప్పే మాట అది. అలాంటిది మనకి లేదు.

అత్త: లేదా? చిరచిరని ఎందుకు వదిలేశావు మరి? "నిద్దరకి చిరచిరలాడుతున్నాడు" అనేది మా అమ్మ. నిద్దరకి. ఆ "కి"లోనే కారణం చెప్పేసింది. ఆకలికి ఏడుస్తున్నాడు, ఎండకి విసుక్కుంటున్నాడు, ఉక్కకి పొర్లుతున్నాడు. మనవాళ్లు పిల్లాడి ఏడుపు గురించి చెబితే దేనికి ఏడుస్తున్నాడో కూడా అందులోనే చెప్పేవాళ్లు. నీ మాటలో ఆ "దేనికి" ఎక్కడుంది?

నా దగ్గర వెంటనే జవాబు లేదు. నిజానికి ఆ ప్రశ్న చుట్టూనే సాయంత్రం దాకా తిరిగాం. కానీ అప్పటికి నేను ఓడిపోవడానికి సిద్ధంగా లేను. ఆ మాటతో నాకు వేరే అనుబంధం ఉంది.

నేను: ఆ మాట లోపలే ఉందత్తా, బయటికి కనబడదు. నేను జర్మనీలో చదువుకోవడానికి వెళ్లినప్పుడు మొదటి వారంలోనే నేర్చుకున్న మాట క్రాంక్. జబ్బుగా ఉన్న అని అర్థం. ఆసుపత్రి క్రాంకెన్‌హౌస్, అంబులెన్సు క్రాంకెన్‌వాగెన్, ఆరోగ్య బీమా సంస్థ క్రాంకెన్‌కాస్సె. ఆ బీమా కాగితం చూపిస్తే గానీ యూనివర్సిటీలో చేర్చుకోరు. మనవాళ్లెంతమంది అక్కడికి ఎమ్మెస్‌కి వెళ్తున్నారో, అందరికీ ఆ మాట తెలుసు. ఇంగ్లీషు క్రాంకీ దానికి దగ్గరి చుట్టం. 18వ శతాబ్దం చివర్లో ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన ఇంగ్లండులో పల్లె మాటలు, వీధి మాటలు పోగుచేశాడు. ఆయన క్రాంకీకి ఇచ్చిన అర్థం కోపం కాదు. ఒంట్లో బాగాలేదని. ఉత్తరాదివాళ్ల మాట అన్నాడు, డచ్చి భాషలో జబ్బుకి వాడే క్రాంక్ నుంచి వచ్చిందన్నాడు. చిరాకుపడే మనిషి అనే అర్థం ఆ తర్వాత వచ్చింది.

అత్త: అంటే ముందు రోగం, తర్వాత కోపం.

నేను: అంతకన్నా వెనక్కి వెళ్తే వంపు. మోటారుకి క్రాంకు షాఫ్టు ఉంటుంది చూడు, ఆ క్రాంకు కూడా ఇదే. వంగడం, మెలిక తిరగడం దాని మొదటి అర్థం. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ఆ ముక్క ఒక్క మాటలోనే దొరుకుతుందంటారు. నేతగాళ్ల పనిముట్టు పేరులో.

ఈ మాటకి అత్త మొహం మారింది. మా తాత మగ్గం నేశాడు. నాయనమ్మ రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుట్టేది. అత్త బడికి వెళ్లే ముందు గంట, వచ్చాక రెండు గంటలు ఆ రాట్నం పిడి తిప్పిన పిల్ల.

అత్త: రాట్నం పిడి వంకరగానే ఉంటుందే. తిన్నగా ఉంటే తిరగదు. ఆ వంకరే పని చేస్తుంది.

నేను: అదే క్రాంకు.

అత్త: సరే, అయితే నువ్వొకటి విను. పేచీ మన మాటని నేను అనడం లేదు. అది ఉర్దూ మీదుగా వచ్చింది. పార్సీలో పేచ్ అంటే మెలిక. తలపాగా చుట్టుకి పేచ్ అంటారు, మరకి పేచ్ అంటారు. మీ హైదరాబాదులో సంక్రాంతికి గాలిపటాల దారాలు ఒకదానికొకటి మెలేసి తెంపుకుంటారే, దాన్నేమంటారు?

నేను: పేంచ్!

అత్త: అదే పేచీ. పిల్లాడు పేచీ పెట్టాడంటే తిన్నగా నడుస్తున్న పనికి మెలిక వేశాడు. నీ ఇంగ్లీషువాడు వంకర అన్నాడు, మా పార్సీవాడు మెలిక అన్నాడు. ఒకళ్లనొకళ్లు అడిగి పెట్టుకున్నారా? కాదు. ఏడ్చే పిల్లాణ్ని చంకనేసుకున్న ఏ తల్లికైనా ఒంట్లో తెలిసేది అదే. వీపు విల్లులా వంచేస్తాడు, చేతుల్లో మెలికలు తిరుగుతాడు. ఇక్కడ చూడు, ఇప్పుడు వీడు చేస్తున్నదేంటి?

నిజంగానే వాడు నా ఒళ్లో విల్లులా వెనక్కి వంగిపోయి ఉన్నాడు. ఆ రెండు మాటలకీ పుట్టుకలో చుట్టరికం ఉందని ఏ నిఘంటువూ చెప్పదు. ఉన్నది పోలికే. కానీ అంత అందమైన పోలిక ఈ మధ్య నేను చూడలేదు, అది మా అత్త నోటి నుంచి రావడం నాకెంతో సంతోషం.

నేను: అయితే ఒప్పుకున్నట్టేగా? రెండూ ఒకటే అయినప్పుడు నా మాట మాత్రం ఏం పాపం చేసింది?

అత్త: ఒకటే అని నేననలేదు. పేచీ పెడుతున్నాడు, మానేస్తాడు. అది వాడు చేసే పని. క్రాంకీ అంటే వాడు అలాంటివాడు. పని వేరు, మనిషి వేరు. మన భాషలో ఈ చిరాకు మాటలన్నీ ఎలా ఉన్నాయో ఎప్పుడైనా గమనించావా? చిటపటలాడు, రుసరుసలాడు, ధుమధుమలాడు, కస్సుబుస్సులాడు, కసురుకో, విసుక్కో, సణుగు, గొణుగు. అన్నీ క్రియలే. ఆవాలు పోపులో చిటపటమని ఆగిపోయినట్టు, పాము కస్సుమని పక్కకి పోయినట్టు, వినబడతాయి, అయిపోతాయి. ఇంకొన్ని ఉన్నాయి. నాకు కోపం వచ్చింది, నాకు విసుగొచ్చింది, నాకు చిరాకేస్తోంది. కోపమే నా దగ్గరికి వచ్చింది, మళ్లీ పోతుంది. నేనే కోపాన్ని కాదు. ఇంగ్లీషువాడు ఏమంటాడు? నేను కోపంగాడిని, నేను క్రాంకీని అన్నట్టు చెబుతాడు. మనిషికి చొక్కా తొడిగినట్టు విశేషణం తొడిగేస్తాడు. ఆ చొక్కా విప్పేదెవరు?

ఇది మా అత్త వాదనల్లోకెల్లా గట్టిది. తర్వాత ఇంటికెళ్లి చాలాసేపు తెలుగు వాక్యాలు అలా తిప్పి చూసుకున్నాను. "నాకు ఆకలేస్తోంది", "నాకు భయమేస్తోంది", "నాకు సిగ్గేస్తోంది". మనిషిని చుట్టుముట్టి వెళ్లిపోయే వాటన్నిటికీ మన భాష ఆ "నాకు" దగ్గరే చోటిచ్చింది. కానీ ఆ వేళ నా దగ్గర దానికి ఎదురు మాట ఉంది. అది అనక తప్పలేదు.

నేను: మరి ముక్కోపి? కోపిష్టి? గయ్యాళి? ఇవి క్రియలా అత్తా?

అత్త: కావు.

నేను: గయ్యాళి అన్నాక ఆ మనిషిని ఇంకేం అడుగుతారు? ఎందుకలా అరుస్తోందని ఎవరైనా ఆగి చూస్తారా? మగవాడికి ఆ మాట అనరు కూడా. ఆఫీసరు కసిరితే పని ఒత్తిడి అంటారు. ఆయన గది తుడిచే మనిషి కసిరితే నోటి దురుసు అంటారు. పేదవాడి కోపం పెదవికి చేటని సామెత కూడా తయారుగా ఉంది మన దగ్గర. చొక్కా తొడగడం మనకీ వచ్చు. పైగా మనం తొడిగేది ఇంకా బిగుతు చొక్కా.

అత్త: వచ్చు. నేను కాదనను. పైత్యం సంగతి చూడు. పిత్తం నుంచి వచ్చింది అది. వాత పిత్త కఫాల్లో పిత్తం చెడితే నోరు చేదు, వికారం, కళ్లు తిరగడం, చిరాకు. మా చిన్నప్పుడు "పైత్యం చేసింది" అంటే నిమ్మకాయ రసం కలిపిచ్చేవాళ్లు. ఇప్పుడు "వీడి పైత్యం" అంటే ఏమిటి? తిట్టు. రోగం పోయింది, తిట్టు మిగిలింది.

నేను: ఇంగ్లీషులోనూ అచ్చంగా అంతే అత్తా! బిలియస్ అని ఒక మాట ఉంది. బైల్ అంటే పిత్తమే. ముందు పిత్తరోగానికి వాడారు, తర్వాత చిరాకు మనిషికి. కోలరిక్ అని ఇంకొకటి, గ్రీకులో పిత్తానికున్న పేరు నుంచి. వాళ్ల పాత వైద్యంలో నెత్తురు, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అని నాలుగు. అందులో పసుపు పిత్తం ఎక్కువైనవాడికి కోపం ఎక్కువన్నారు.

అత్త: చూశావా మరి. క్రాంకీ, బిలియస్, పైత్యం, మూడింటికీ ఒకటే గతి. మనిషికి బాగాలేదని చెప్పడానికి పుట్టిన మాటలు, మనిషి మంచివాడు కాదని చెప్పడంలోకి దిగిపోయాయి. ఎందుకంటావు?

నేను: చూసుకునేవాళ్లు అలిసిపోతారు కాబట్టేమో. రోగం అనుకుంటే మనం ఏదో ఒకటి చెయ్యాలి. గుణం అనుకుంటే ఏమీ చెయ్యక్కర్లేదు.

ఇక్కడ నాకొక పాత సంగతి గుర్తుకొచ్చింది. 1567 ప్రాంతంలో థామస్ హార్మన్ అనే ఇంగ్లండు పెద్దమనిషి ఊరూరా తిరిగే దొంగ బిచ్చగాళ్ల మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. అందులో ఒక రకానికి ఆ వీధి భాషలో క్రాంకులని పేరు. మూర్ఛరోగం వచ్చినట్టు నటించేవాళ్లు. నోట్లో సబ్బుముక్క పెట్టుకుని నురగ కార్చేవాళ్లు. అలాంటివాడొకణ్ని లండన్‌లో వెంబడించి పట్టించిన కథ అందులో ఉంది. అత్తకి చెప్పాను. ఆమె నవ్వలేదు.

అత్త: అంటే క్రాంకు అంటే రోగీ అవుతుంది, రోగం నటించేవాడూ అవుతుంది.

నేను: ఒకే మాటలో రెండూ.

అత్త: మరి ఇంకేం. ఏడ్చే పిల్లాడి ముందు, సణిగే ముసలివాళ్ల ముందు మనం నిలబడేది అక్కడే కదా. నిజంగా బాధా, నటనా? ఆ అనుమానం లేని ఇల్లు నేను చూడలేదు.

కాసేపు ఇద్దరం ఊరుకున్నాం. ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చిందని ఇద్దరికీ తెలుసు. నాయనమ్మ.

నాలుగేళ్ల కిందట నాయనమ్మ బాత్రూములో జారిపడి తొడ ఎముక విరిగింది. ఒక ఆసుపత్రిలో ఆపరేషను చేశారు. దగ్గర ఉన్నది నేనే. మూడో రోజు నుంచి ఆమె మారిపోయింది. అన్నం ప్లేటు తోసేసింది, సెలైన్ గొట్టం లాగేసింది, నన్ను గుర్తుపట్టి కూడా తిట్టింది. రౌండ్లకి వచ్చిన డ్యూటీ డాక్టరు ఎలా ఉన్నారని అడిగితే, "కొంచెం క్రాంకీగా ఉన్నారండీ" అన్నాను. ఆయన తలూపి కేసు షీటులో అదే మాట రాసుకున్నాడు. తర్వాత డ్యూటీకి వచ్చినవాళ్లు ఆ మాటే చదివారు. రెండు రోజులు అందరం ఆ మాటనే చూశాం, ఆమెను చూడలేదు.

నేను: ఆ మాట నేనే ఇచ్చానత్తా. నా నోటి నుంచి వచ్చిందే షీటు మీదికి ఎక్కింది.

అత్త: నీ ఒక్కదానిదే కాదులేవే. నువ్వు ఫోన్ చేసినప్పుడు నేనేమన్నాను? "మా అమ్మకి ముక్కు మీదే ఉంటుంది కోపం, పట్టించుకోకు" అన్నాను. నువ్వు ఇంగ్లీషులో చేసిందే నేను తెలుగులో చేశాను. నలభై ఏళ్లుగా ఆమెకి ముక్కోపి అని పేరు పెట్టాం కదా. ఆ పేరు వెనక ఏం జరిగినా కనబడకుండా పోయింది.

కనిపెట్టింది రాత్రి డ్యూటీ ఆయా. "మొన్న నన్ను అమ్మా అని పిలిచి నీళ్లడిగిందమ్మా. నిన్నట్నుంచి ఎవరో పరాయిదాన్ని చూసినట్టు చూస్తోంది. ఇది కోపం కాదు" అంది. విశేషణం ఒక్కటీ లేదు ఆ మాటల్లో. మొన్న ఇలా చేసింది, నిన్న ఇలా చేసింది, అంతే. ఆ రాత్రే రక్తం తీయించారు. సోడియం కనీసం 135 ఉండాల్సింది బాగా కిందికి పడిపోయింది. ఆమె వేసుకునే బీపీ మాత్ర నీరు తీసే రకం. దానికి తోడు ఆపరేషను, సరిగా తినకపోవడం. వయసు మళ్లినవాళ్లలో సోడియం పడిపోతే ముందు కనబడేది తరచుగా ఇదే. మాట తికమకపడుతుంది, చిరాకు, దగ్గరివాళ్ల మీదే కోపం. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా అంతే, ఒక్కోసారి జ్వరం కూడా ఉండదు. హఠాత్తుగా మనిషి తీరు మారడమే లక్షణం. సోడియం ఒక్కసారిగా పెంచకూడదని మెల్లగా ఎక్కించారు. నాలుగు రోజులకి నాయనమ్మ తిరిగి నాయనమ్మ అయింది. ఆమె అడిగిన మొదటి మాట, "నేనెవర్నన్నా ఏమన్నా అన్నానా?"

అత్త: నేను లేదన్నాను. నమ్మలేదు. ఆ ఆయాని పిలిపించుకుని చెయ్యి పట్టుకుంది.

నేను: అందుకే అత్తా, నేను ఆ మాటని పారేయలేను. నేను మర్చిపోయిన అర్థం దానిలోనే ఉంది. క్రాంకీ అన్నప్పుడు క్రాంకెన్‌హౌస్ గుర్తొచ్చి ఉంటే, అది మంచం మీద మనిషి గురించి నేనిచ్చిన కబురు అయ్యేది. తీర్పు అయ్యేది కాదు.

అత్త: నీకు జర్మను వచ్చు కాబట్టి గుర్తుకొస్తుంది. ఆ డాక్టరుకి రాలేదు. మాట పుట్టుక తవ్వి చూసి వైద్యం చెయ్యమంటావా ఊళ్లోవాళ్లని? మాటకి గతం ఉంటే సరిపోదు, వాడేవాళ్ల నోట్లో అది ఇవాళ ఏం చేస్తోందన్నదే లెక్క.

నేను: అలాగైతే చిరచిరని మాత్రం ఎంతమంది అంటున్నారు ఇవాళ? నా తోటివాళ్ల నోట్లో అది ఎప్పుడో పోయింది. ఉన్న మాటకి మంచి వాడుక నేర్పడం తేలిక, పోయిన మాటని తేవడం కంటే.

అత్త: బడిలో అన్నేళ్లు ఉన్నాను, పోయిన మాటలు తిరిగి రావడం చూశాను. పిల్లలకి వినిపిస్తే వస్తాయి. సరే, నువ్వు వదలవు, నేను అనను. ఒక్కటి అడుగుతాను, చేస్తావా?

నేను: ఏంటత్తా?

అత్త: దాని ముందు మా "కి" పెట్టు. నిద్దరకి క్రాంకీగా ఉన్నాడు. జ్వరానికి క్రాంకీగా ఉంది. దేనికో తెలియకపోతే నోరు తెరవకు, వెతుకు. తెలిశాక అను.

నేను మళ్లీ వాదించబోయాను. అన్నిసార్లూ కారణం దొరకదని, కొన్నిసార్లు మనిషికి ఊరికే చిరాకుగా ఉండే హక్కు కూడా ఉండాలని. పెద్దవాళ్ల విషయంలో ఆ మాట మీద నేనిప్పటికీ నిలబడతాను. ముసలితనంలో ఒంటరితనం, వినపడని చెవులు, ఎవరూ అడగని రోజులు, వీటిలో ఏదీ రక్తపరీక్షలో తేలదు. అత్త వింటూనే లోపలికి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చింది. వాణ్ని తన ఒళ్లో పడుకోబెట్టుకుంది. చూపుడు వేలు చిగురు మీద పెట్టి మెల్లగా లోపలికి జరిపింది. ముందు వాడు వేలు కొరికాడు, తర్వాత వదలకుండా చప్పరించడం మొదలుపెట్టాడు.

అత్త: ఇటు వెయ్యి వేలు. కుడి పక్క, అన్నిటికంటే వెనక. గట్టిగా తగులుతోందా?

తగిలింది. చిగురు ఉబ్బి వేడిగా ఉంది. రెండేళ్లు నిండాక వెనక దవడ పళ్లు వస్తాయని నేను చదివాను, కానీ పొద్దుట్నుంచీ వాడి నోట్లో చూడలేదు. అత్త శుభ్రమైన గుడ్డ చల్లటి నీళ్లలో తడిపి పిండి వాడి చేతికిచ్చింది. దాన్ని నములుతూ పది నిమిషాల్లో నిద్రపోయాడు.

అయిదింటికి మావారు మళ్లీ ఫోన్ చేశారు. "ఎలా ఉన్నాడు? ఇంకా క్రాంకీయేనా?"

అత్త పత్రిక తిరగేస్తోంది గానీ చెవి ఇటే ఉంది.

"పంటికి" అన్నాను.